బొంగరం చెప్పిన అబద్ధం

ఆ ఇంట్లో పెద్దపిల్లని అందరూ బొంగరం అంటారు. నడక నేర్చిన కొత్తలో హాలు మధ్యన నిలబడి, రెండు చేతులూ చాపి గిర్రున తిరిగేదట. తిరిగి తిరిగి కూలబడి, కూలబడిన చోటే పకపకా నవ్వేదట. అప్పుడు నాన్న పెట్టిన పేరది. ఇప్పుడు ఆ పిల్లకి పదిహేనో ఏడు. చక్రాల కుర్చీలోకి మారి చాలాకాలమైంది. ఒకసారి వాళ్ళమ్మ, ఆ పేరు వింటుంటే ప్రాణం ఉసూరుమంటోందని, బడిలో రాయించిన పేరుతో పిలవడం మొదలుపెట్టింది.

"ఎవర్నమ్మా పిలుస్తున్నావు? ఇంటికి చుట్టాలెవరైనా వచ్చారా?" అని చుట్టూ చూసింది బొంగరం. దాంతో పాత పేరే ఖాయమైపోయింది.

చిన్నపిల్ల పేరు పిచ్చుక. ఎనిమిదేళ్ళది. పొద్దున లేచింది మొదలు నోటికి తాళం ఉండదు కాబట్టి ఆ పేరు దానికి అతికినట్టు సరిపోయింది.

ఇంటి ముందుగదిలో అమ్మ కర్టెన్లు కుడుతుంది. కుట్టి, ఇస్త్రీ చేసి, గోడ నుంచి గోడకి కట్టిన తీగల మీద వేలాడదీస్తుంది. కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా ఆ గుడ్డలన్నీ మెల్లగా ఉబ్బి, మళ్ళీ మెల్లగా వెనక్కి వాలతాయి. నీలం గుడ్డ వేలాడుతున్న రోజున మధ్యాహ్నపు ఎండ గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు నీలంగా పరుచుకుంటుంది. పసుపు గుడ్డ వేలాడిన రోజున గోడలు కూడా వెచ్చగా అనిపిస్తాయి. బొంగరానికి ఆ గది ఇష్టం. భోజనాలయ్యాక కుర్చీని ఆ తెరల మధ్యకి నడుపుకుని వెళ్ళి, కళ్ళు సగం మూసుకుని కూర్చుంటుంది. కుట్టుమిషను చప్పుడు దూరంగా, చాలా దూరంగా వెళ్ళిపోతుంది. అప్పుడు వాలు కనిపిస్తుంది.

ఇంటి వెనక వీధి చివర ఆటస్థలం ఉంది. వీధి నుంచి అక్కడికి పచ్చగడ్డి వాలు ఒకటి దిగుతుంది. ఆ వాలు మీద తను పరిగెత్తుతూ ఉంటుంది. గౌనులోకి గాలి దూరి గొడుగులా విచ్చుకుంటుంది. నోట్లోకి గాలి, చెవుల్లో గాలి. కాళ్ళ కింద నేల వెనక్కి వెనక్కి జారిపోతూ, ఒక్కోసారి నేలే లేనట్టు, ఆకాశంలోకి అడుగు వేసినట్టు. తను ఒక్కటే కేక పెడుతూ ఉంటుంది, పేరూ మాటా లేని కేక. ఇది కల కాదు, జరిగిందే. అప్పటికి తనకి పిచ్చుకంత వయసు. ఎన్ని పోయినా ఆ ఒక్క పరుగు మాత్రం తనదేనని, దాన్ని ఎవరూ ఊడలాక్కోలేరని బొంగరం ధీమా.

అక్కకి ఉన్న జబ్బే చెల్లికీ ఉందని వాళ్ళింట్లో అందరికీ తెలుసు. కండరాలు కొద్దికొద్దిగా బలం కోల్పోయే జబ్బు. అమ్మ వైపు నుంచి సగం, నాన్న వైపు నుంచి సగం వచ్చి పిల్లల్లో కలిసింది. పిచ్చుకకి రక్తపరీక్ష చేయించిన రోజున అమ్మానాన్నలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ తరవాత మెల్లగా అందరికీ ఒక అలవాటు పట్టుకుంది. పిచ్చుక మెట్టు మీద తడబడినా, కింద కూర్చున్నది లేవడానికి మోకాళ్ళ మీద చేతులు ఆనించినా, ముందు పిచ్చుకని చూస్తారు. ఆ వెంటనే బొంగరాన్ని చూస్తారు. స్టాపులో నిలబడ్డవాళ్ళు బస్సు ఎంత దూరంలో ఉందోనని రోడ్డు చివరికి చూసినట్టు.

అమ్మ అయితే పైకే అనేసేది. "పెద్దదానికి ఇలా మోకాళ్ళు పట్టుకుని లేవడం మొదలయ్యాక ఎన్నాళ్ళకండీ గోడ పట్టుకుంది? గోడ పట్టుకున్నాక ఎన్నాళ్ళకి మెట్లు మానేసింది?"

నాన్న సిటీ బస్సు డ్రైవరు. ఇంటికొచ్చాక యూనిఫాం చొక్కా గుండీలు విప్పుతూ, "నాకేం గుర్తే? ఊరుకో," అని మాట దాటేసేవాడు. కానీ ఆయన కళ్ళు కూడా బొంగరం వైపే తిరిగేవి.

తనని చూసి చెల్లిని లెక్కగడుతున్నారని బొంగరానికి అర్థమైపోయింది. ఇల్లంతా పిచ్చుకకి రాబోయే రోజుల్ని తన ఒంట్లో చూసుకుంటోంది. దానికి తోడు ఈ మధ్య కొత్తగా ఇంకోటి మొదలైంది. చేతులు బరువెక్కుతున్నాయి. దువ్వెన తల దాకా తీసుకెళ్ళేసరికి భుజం మొరాయిస్తోంది. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. ఉక్కపోతగా ఉందని చెప్పి జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. గ్లాసు ఎత్తలేక, స్ట్రాతో తాగితేనే రుచిగా ఉంటుందని కోతలు కోసింది. "మహారాణీవారికి ఇప్పుడు స్ట్రాలు కూడా కావాలన్నమాట!" అని నాన్న నవ్వాడు. బొంగరమూ నవ్వింది. చెల్లి తన చేతుల వైపు చూడకుండా ఉంటే చాలనుకుంది.

ఒక మధ్యాహ్నం పిచ్చుక తెరల కింద నుంచి పాక్కుంటూ వచ్చింది. పైన తెల్లటి పల్చటి గుడ్డలు ఊగుతున్నాయి. అక్క కుర్చీ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎప్పుడూ లేనిది, చాలాసేపు మాట్లాడకుండా ఉంది.

"ఏంటే, మూగనోము పట్టావా?" అంది బొంగరం.

"అక్కా, నువ్వు నా అంత ఉన్నప్పుడు మెట్లెక్కేదానివా?"

బొంగరం కంటి ముందు వాలు మెరిసింది. గౌనులో గాలి, కాళ్ళ కింద జారిపోతున్న నేల. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పిచ్చుక అడుగుతున్నది తన మెట్ల గురించి కాదు. తనకి ఇంకా ఎన్నాళ్ళ నడక ఉందని అడుగుతోంది.

"మెట్లా? నీ వయసులో నేనసలు మెట్ల జోలికే వెళ్ళలేదు," అంది బొంగరం తాపీగా.

"నిజంగా? మరి కింద కూర్చుంటే లేచేదానివా?"

"ఎక్కడ లేచేదాన్ని? నాన్న వచ్చి లేపాల్సిందే. లేదంటే అక్కడే సంచిలా పడుండేదాన్ని."

పిచ్చుక మొహం చాటంత అయింది. "నేనైతే లేస్తున్నా కదా! చూడు చూడు!" అంటూ అరచేతులు నేలకి ఆనించి, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత తొడల మీద ఆనించుకుంటూ లేచి నిలబడింది. తల తెల్లగుడ్డకి తగిలి, ముసుగు వేసుకున్నట్టయింది. ఆ ముసుగులోంచే కిలకిలా నవ్వింది.

ఆ రోజు నుంచి బొంగరం తన చిన్నతనాన్ని కొంచెం కొంచెంగా చెరిపేస్తూ పోయింది. సైకిల్ లేదంది. తాడాట లేదంది. బడికి నాన్న భుజం మీద తప్ప వెళ్ళలేదంది. అబద్ధం చెప్పినప్పుడల్లా పిచ్చుక అక్కకన్నా ఒక్కో అడుగు ముందుకి జరిగేది. వాలు సంగతి మాత్రం నోరు తెరిచి చెప్పలేదు. దాన్ని లేదనడానికి నోరు రాలేదు. ఉందనడానికి ధైర్యం రాలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు తెరల మధ్య కూర్చుని, దొంగతనంగా, ఒక్కసారి పరిగెత్తి వచ్చేసేది.

వానాకాలం మొదట్లో ఆసుపత్రికి వెళ్ళే రోజు వచ్చింది. నాన్న సెలవు పెట్టాడు. కుర్చీ పట్టే వ్యాను మాట్లాడాడు. ఆసుపత్రిలో వాళ్ళకి తెలిసిన వసారా ఒకటుంది, పొడుగ్గా, రెండువైపులా కిటికీలతో. నేల మీద రంగు పట్టీలు అంటించి ఉంటాయి. ఆ రోజు కిటికీల అవతల వాన సన్నగా పడుతోంది. ఆ వెలుగులో నేల తడిసినట్టు మెరుస్తోంది. పిల్లలందరూ అక్కడే నడుస్తారు, కూర్చుంటారు, లేస్తారు. వాళ్ళని నడిపించే ఫిజియోథెరపిస్టుకి పిల్లలు పెట్టుకున్న పేరు లేలే మావయ్య. నోరు తెరిస్తే "లే తల్లీ, లే లే" అనడమే ఆయన పని.

పిచ్చుక పట్టీల మధ్య నడిచింది. పడుకుని లేచింది. చెక్కతో చేసిన నాలుగు మెట్లు కమ్మీ పట్టుకుని ఎక్కింది. లేలే మావయ్య మెళ్ళో వేలాడే గడియారం నొక్కుతూ, "శభాష్, మీ ఇంట్లో నీదే స్పీడు," అన్నాడు.

డాక్టరుగారు పెద్దావిడ. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతుంటుంది, అయినా దాని కోసం బల్లంతా వెతుకుతుంది. అందరూ గదిలో సర్దుకున్నాక పిచ్చుక ఆవిడ మోకాలికి ఆనుకుని నిలబడింది.

"డాక్టరమ్మా, ఒకటి అడగనా? అక్క నా వయసులో మెట్లెక్కలేదంట. నేను ఎక్కుతున్నా. అక్క కింద నుంచి లేవలేదంట. నేను లేస్తున్నా. అంటే నేను అక్కకన్నా ముందున్నట్టే కదా? మరి నాకు కుర్చీ రాదు కదా?"

డాక్టరుగారు కళ్ళజోడు వెతకడం ఆపి పిచ్చుక వైపు వంగింది.

"నీకెవరు చెప్పారే ఆ మాట?" అంది అమ్మ. ఆలోచించకుండా నోరు జారింది. "అక్క నీ వయసులో శుభ్రంగా మెట్లెక్కేది. లేడిపిల్లలా ఉండేది!"

పిచ్చుక తల తిప్పి అక్కని చూసింది. ఆ చూపుకి బొంగరం కుర్చీలో ఇంకా కిందికి కుంగిపోయినట్టయింది.

"నేనే చెప్పానమ్మా," అంది.

"ఎందుకు చెప్పావు?" డాక్టరుగారు మెల్లగా అడిగింది. ఆ గొంతులో కోపం లేదు.

"అందరూ నన్ను చూసి దాన్ని లెక్కేస్తున్నారండీ. నేను ఎప్పుడు ఆగిపోయానో అదీ అప్పుడే ఆగిపోవాలని ముందే తేల్చేసుకున్నారు. నా నడక మార్చలేను కదా. అందుకని నన్నే కాస్త వెనక్కి జరుపుకున్నాను. అలా అయితే దానికి కొంచెం టైం ఎక్కువ దొరుకుతుందని..." అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరుగారు నవ్వలేదు. "నువ్వు అనుకున్నది పిచ్చిమాటేం కాదు తల్లీ. మేమూ అదే పనిలో ఉన్నాం. ఇవాళ ఎలా నడుస్తున్నారో చూసి, ముందుముందు ఎలా ఉంటుందో అంచనా కడతాం. కాకపోతే ఒక్క అక్కని చూసి కట్టం. ఎంతోమంది పిల్లల్ని చూస్తాం. ఒకే జబ్బు, ఒకే ఇల్లు, ఒకే అమ్మానాన్న. అయినా ఇద్దరిలో ఒకేలా నడవాలని లేదు." ఆగి, బొంగరం కళ్ళలోకి చూసింది. "ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు ఈ వసారాలో నడిచావు. అప్పుడు తీసిన వీడియో నా దగ్గరుంది. చూస్తావా?"

"ఇప్పుడెందుకులెండి," అన్నాడు నాన్న గబుక్కున.

"చూస్తాను," అంది బొంగరం.

కంప్యూటరు తెర మీద వసారా కనిపించింది. కిటికీల్లో అప్పటి ఎండ. రెండు జడల పిల్ల ఒకత్తి గోడ పక్కగా వస్తోంది. పొట్ట ముందుకి, భుజాలు వెనక్కి, బాతులా అటూ ఇటూ ఊగుతూ. ఒక చెయ్యి గోడని వదలడం లేదు. తరవాత కింద పడుకుంది. లేలే మావయ్య గొంతు, ఇంకా కుర్రగొంతు, "లే తల్లీ, లే లే" అంటోంది. పిల్ల బోర్లా తిరిగింది. చేతులు ఆనించింది. నడుము ఎత్తింది. మళ్ళీ కూలబడింది. మళ్ళీ ఎత్తింది. ఎంతసేపటికీ లేవలేదు. చివరికి ఎవరో వచ్చి చంకల కింద చేతులు వేసి లేపారు. తెర అంచులో ఖాకీ చొక్కా చేతులు మాత్రం కనిపించాయి.

బొంగరం రెప్ప వెయ్యకుండా చూసింది. ఆ పిల్లని ఎక్కడా ఎప్పుడూ చూసినట్టే లేదు.

"ఇలా ఉండేదా?" అమ్మ గొణిగింది. "నేను రోజూ చూశాను కదండీ. నా కళ్ళతో నేనే చూశాను కదా!"

"రోజూ చూసేవాళ్ళకి తెలియదమ్మా. బాగున్న రోజే గుర్తుంటుంది," అంది డాక్టరుగారు. తరవాత పిచ్చుక వైపు తిరిగింది. "మీ అక్క అబద్ధం చెప్పాననుకుంది. కానీ చాలావరకూ నిజమే చెప్పింది. ఆ వయసులో అక్క లేచినదానికన్నా నువ్వు బాగా లేస్తున్నావు. కింద నుంచి ఎంతసేపట్లో లేస్తారో చూస్తే మాకు చాలా తెలుస్తుంది. ఇంకో రెండు మూడేళ్ళు నువ్వు నీ కాళ్ళ మీద తిరుగుతావని గట్టిగానే చెప్పగలను. ఆ తరవాత మాత్రం నాకూ మసగ్గానే ఉంటుంది. కుర్చీ రాదు అని చెప్పను. ఎప్పుడు అంటే, తెలీదు అంటాను. సరేనా?"

పిచ్చుక వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "రెండు మూడేళ్ళంటే నాకు పదకొండు వచ్చేస్తాయి. చాలా పెద్దదాన్నైపోతా," అంది సంతోషంగా.

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. బొంగరానికి మాత్రం ఆ సంతోషం వచ్చి గుమ్మంలో ఆగిపోయినట్టుంది. లోపలికి రావడానికి దారి లేదు. దారికి అడ్డంగా వాలు ఉంది.

"నాన్నా," అంది. "మరి నేను వాలు మీద పరిగెత్తానే! ఆటస్థలం దగ్గర. నాకు బాగా గుర్తుంది. గాలి కూడా గుర్తుంది. అది కలా?"

నాన్న కుర్చీ ముందు గొంతుకూర్చుని, బొంగరం మోకాళ్ళ మీద చేతులు వేశాడు.

"కల కాదు తల్లీ. బడిపిల్లలంతా వాలు మీద పరిగెత్తుతుంటే నువ్వు పైన నిలబడి ఏడ్చావు. నేనప్పుడే డ్యూటీ దిగి వచ్చాను. వెనక నుంచి నిన్ను చంకల కింద పట్టుకుని కిందిదాకా పరిగెత్తాను. నీ కాళ్ళు నేలకి అక్కడక్కడా తగిలేవి, అంతే. ఇంకోసారి, ఇంకోసారి అన్నావు. నాకు ఆయాసం వచ్చి కూలబడేదాకా వదల్లేదు నువ్వు."

బొంగరానికి ఒక్కసారిగా అర్థమైంది, ఆ పరుగులో నేలే లేనట్టు ఎందుకు ఉండేదో. ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరో తెలియని పిల్లని తీసుకొచ్చి ఇది నువ్వే అన్నట్టూ, తను ఇన్నేళ్ళూ దాచుకున్న పిల్లని తీసుకుపోయినట్టూ ఏడ్చింది. ఎవరూ ఓదార్చబోలేదు. వాన కిటికీల మీద పడుతూనే ఉంది.

"అయితే ఇన్నాళ్ళూ నేను పరిగెత్తింది నీ కాళ్ళతోనా?" అంది చివరికి.

"కాళ్ళు నావే," అన్నాడు నాన్న. "కేక మాత్రం నీదే. వీధి చివరిదాకా వినపడింది. అక్కడి టైలరు దుకాణం ఆయన బయటికొచ్చి చూశాడు కూడా."

ముక్కు ఎగబీలుస్తూనే బొంగరం నవ్వేసింది.

డాక్టరుగారు కళ్ళజోడు కోసం బల్ల మీద తడుముతూ, "సరే, ఇప్పటిదాకా చెల్లి గురించే మాట్లాడాం. మరి నీ సంగతేంటి? నీకేం తెలుసుకోవాలనుంది?" అని అడిగింది.

ఆ ప్రశ్న తనని ఎవరూ అడిగినట్టు బొంగరానికి గుర్తులేదు. అమ్మ వైపు చూసింది. చెల్లి వైపు చూసింది. ఇంక దాచడానికి ఓపిక లేదనిపించింది.

"నా చేతులు పైకి లేవట్లేదండీ. తల దువ్వుకోలేను. గ్లాసు ఎత్తలేను. ఇంకెన్నాళ్ళు పేజీ తిప్పగలనో చెప్పండి. నాకు చదువుకోవాలనుంది."

అమ్మ చెయ్యి దానంతటదే బొంగరం పొట్టిజుట్టు మీదికి వెళ్ళింది. డాక్టరుగారు తన కుర్చీ దగ్గరికి జరుపుకుని, బొంగరం చేతిని తన చేతిలోకి తీసుకుంది. మోచెయ్యి వంచి చూసింది. వేళ్ళు ఒక్కొక్కటిగా ముడవమని చెప్పి చూసింది. భుజం ముందు పోతుందనీ, వేళ్ళు చాలాకాలం నిలబడతాయనీ చెప్పింది. మోచేతులు బల్ల మీద ఆనించి రాయడం, భుజానికి ఊతమిచ్చే పట్టీ వాడడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోమంది. "పేజీలు నువ్వే తిప్పుతావు. బోలెడు తిప్పుతావు," అంది. అందంగా చెప్పిందో నిజంగా చెప్పిందో తెలుసుకోవాలని బొంగరం ఆవిడ మొహంలోకి గుచ్చి చూసింది. నిజంగానే చెప్పినట్టుంది.

తిరుగుప్రయాణంలో వాన వెలిసింది. వ్యాను అద్దాల మీద నీటిబొట్లు పాకుతున్నాయి. వాటిలో దుకాణాలూ గొడుగులూ తలకిందులుగా జారిపోతున్నాయి. అమ్మానాన్నలు ముందుసీట్లో తక్కువ గొంతుతో ఏదో మాట్లాడుకుంటున్నారు. పిచ్చుక అక్క కుర్చీ పక్కసీట్లో కూర్చుని, తల తెచ్చి అక్క ఒళ్ళో పెట్టింది.

"నా మీద కోపమా?" అంది బొంగరం.

"ఊహూఁ. కాకపోతే ఇంకెప్పుడూ నాకు అబద్ధాలు చెప్పకు. నేనేమైనా చిన్నపిల్లనా?"

"చెప్పను."

"అయితే ఇప్పుడు చెప్పు. కుర్చీలోకి వచ్చిన మొదటిరోజు ఎలా ఉంది?"

బొంగరం కిటికీ వైపు చూసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అసలు తనకి తనే చెప్పుకోలేదు.

"మొదటిరోజు చచ్చేంత సిగ్గేసింది. బడిలో అందరూ నా చక్రాల వైపు చూశారు, నన్ను చూడలేదు. మధ్యాహ్నం బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. కానీ సాయంత్రం ఇంకోటి జరిగింది. అంతకుముందు బడి నుంచి వచ్చేటప్పుడు పడిపోతానేమోనని కింద నేలనే చూస్తూ నడిచేదాన్ని. ఆ రోజు తల ఎత్తాను. మన వీధిలో మూడో ఇంటివాళ్ళ మేడ మీద పావురాల గూళ్ళున్నాయని నాకు అప్పటిదాకా తెలీదు. తెల్లవి, బూడిదరంగువి. నాన్నని ఆగమని చెప్పి చాలాసేపు చూశాను. తరవాత..."

ఒళ్ళో బరువు మారింది. పిచ్చుక నోరు కొద్దిగా తెరుచుకుంది. ఊపిరి పొడుగ్గా సాగుతోంది. నిద్రపోయింది.

బొంగరం ఆపలేదు. కాళ్ళు తిమ్మిరెక్కినప్పుడు ఎలా ఉంటుందో, ఎవరో ఒకరు ఎత్తి పడుకోబెట్టేదాకా ఎదురుచూడడం ఎంత చిరాకో, అది కూడా అలవాటైపోయి ఎప్పుడు మర్చిపోతామో, అన్నీ తాపీగా, ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయింది. చెల్లి తల నిమరాలనిపించి చెయ్యి కదిపింది. చెయ్యి నుదుటిదాకా ఎక్కలేదు. వేళ్ళు మాత్రం తన గౌను మీదుగా నడిచి, చెవి దగ్గర ఆగాయి. చెవి వెచ్చగా ఉంది. వ్యాను మలుపు తిరిగింది, ఎండ ఒక్కసారిగా అద్దంలోంచి లోపలికి వచ్చింది, బొంగరం గొంతు ఇంకాస్త తగ్గించి చెబుతూనే ఉంది.